పచ్చికనేలకు ఊపిరి



నేటి ప్రసంగమునకు విషయమేమని నా మిత్రుడొకడు నన్నడిగెను. పచ్చికనేలలో రంధ్రములు పొడుచుటను గూర్చిన చరిత్రయని చెప్పితిని. ఆతడు నా ముఖము వంక ఒక క్షణము చూచి, “మేష్టారూ, నలుబది యేండ్లు కావ్యములు చెప్పితిరి గదా, తుదకు రంధ్రముల దాకా వచ్చితిరా?” అని నవ్వెను. వచ్చితిని. ఆ రంధ్రముల వెనుక రాజులు లేరు, యుద్ధములు లేవు. కాని మనుష్యుడు తనకు మేలు చేయు ప్రాణిని శత్రువని చంపి, తరువాత ఆ ప్రాణి చేయు పనినే ఇనుముతో చేయ నేర్చుకొనిన కథ ఒకటి యున్నది. అందులో నా పాలు కూడ కొంత కలదు గనుక దానిని చెప్పుట నాకు ఋణము తీర్చుకొనుట వంటిది.

ముందు నేల మాట. మనము నేల యనుచున్నది కేవలము మన్ను కాదు. మంచి తోటనేలను ఒక ఘనపుటడుగు తీసికొన్నచో అందు సుమారు సగమే మట్టి. తక్కిన సగము ఖాళీ. ఆ ఖాళీలో కొంత నీరు, కొంత గాలి. వాన కురిసినపుడు నీటి పాలును, ఎండ కాసినపుడు గాలి పాలును హెచ్చుచుండును. వేళ్లు కూడ మనవలెనే ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు గాలిని విడుచును. ఆకులు ఎండలో నెంత కళకళలాడుచున్నను, అడుగున వేళ్లకు గాలి లేకున్నచో మొక్క నిలువదు. ప్రాణవాయువు గాలిలో వ్యాపించు వేగమునకును, నీటిలో వ్యాపించు వేగమునకును సుమారు పదివేల రెట్ల భేదము. కావున నేలలోని రంధ్రములు మూసికొనిపోయినను, నీటితో నిండి కదలకున్నను, వేరునకు రెండును ఒకటే, ఊపిరి యాడదు.

అడుగులు పడిన కొలదియు మొదట నశించునవి పెద్ద రంధ్రములే. గాలి కదలునది, వాననీరు దిగునది వానియందే. చిన్న రంధ్రములు మిగులును. అవి నీటిని పట్టి యుంచునే గాని విడువవు. అందుచేత గట్టిపడిన నేల వానలో చిత్తడిగను, ఎండలో రాయిగను ఉండును. పచ్చిక మీద నడిచెడివారి బరువు పైనున్న రెండు మూడంగుళముల మీదనే మిక్కిలి పడును. గడ్డివేళ్లలో ఎక్కువ పాలు ఉండునదియు అచ్చటనే.

గోదావరి యొడ్డున పుట్టిన నాకు ఈ మాట మొదట వింతగా తోచినది. మా వైపున నేలను గట్టి చేయుటయే విద్య. వరిచేనికి నీరు పెట్టి, నాగలితో దున్ని, పశువులచేత తొక్కించి దమ్ము చేయుట యనగా నేలలోని రంధ్రములను బుద్ధిపూర్వకముగా చెరచి నీరు క్రిందికి దిగకుండ కట్టుదిట్టము చేయుటయే. వరికి ఆకునుండి వేరు వరకు లోపలనే గాలిగొట్టములున్నవి. బురదలో నిలిచియు అది పైగాలిని వేరునకు పంపుకొనగలదు. ఆ భాగ్యము అన్ని గడ్డిజాతులకును లేదు. చెరువుకట్టకు మట్టి పోసి త్రొక్కించువారి ధర్మమును అట్టిదే. ఎంత తేమలో ఎంత దట్టించినచో మట్టి మిక్కిలి గట్టిపడునో లెక్కగట్టు పద్ధతిని అమెరికాలో ప్రాక్టరు అను ఇంజనీరు 1933లో ప్రకటించినాడు. ఆనకట్టలకు, రోడ్లకు నేటికిని ఆ పరీక్షయే ఆధారము. ఆనకట్ట కట్టువానికి మట్టిలో గాలి యుండరాదు. గడ్డి పెంచువానికి ఉండి తీరవలెను. ఒకే మట్టి, రెండు ధర్మములు. ఈ భేదము తెలియక నేను చేసిన పని ముందు చెప్పెదను.

పొలము గట్టిపడినచో రైతు దున్నును. నల్లరేగడి నేలకు ఆ శ్రమయు కొంత తక్కువ; వేసవిలో అదియే నెఱ్ఱెలు విచ్చి, కాలు దూరునంత బీటలు వారి, తన్ను తాను దున్నుకొనును. చెట్ల విషయమున మన పూర్వులు ఈ సంగతిని చక్కగా ఎరుగుదురు. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దమున రచించిన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమని ఒక అధ్యాయము కలదు. మెత్తని నేల యెల్ల చెట్లకును హితమనియు, తోట వేయుటకు ముందు ఆ నేలలో నువ్వులు చల్లి, అవి పూచినపుడు అందే కలిపివేయవలెననియు ఆయన అందు చెప్పెను. నేలను గుల్ల చేయుటకు పచ్చిరొట్టయెరువు కన్న మేలైన యుపాయమును నేటి శాస్త్రజ్ఞులును చెప్పలేరు. అయితే ఇది నాటుటకు ముందు చేయవలసిన పని. పచ్చికనేల సంగతి వేరు. అందు గడ్డి యేండ్ల తరబడి యుండును; దున్నినచో గడ్డి పోవును, దున్నకున్నచో నేల బిగియును. ఈ చిక్కు పొలమునకు లేదు, తోటకు లేదు, పచ్చికకే వచ్చినది.

పచ్చిక యనగా మన దేశమున ముఖ్యముగా గరికయే. వినాయకునికి ఇరువది యొక్క పత్రులలో ఒకటిగా సమర్పించు దూర్వాయుగ్మము, పడమటివారు బెర్ముడా గడ్డియని పేరుపెట్టి ఆటస్థలములయందు పెంచుచున్న గడ్డియు ఒక్కటే. ఆ దీవి దాని పుట్టినిల్లు కాదు; పేరు మాత్రము దానికంటుకొన్నది. కణుపు కణుపున వేరు వేసి ప్రాకు ఈ గడ్డిని వేదమంత్రమే సంతానవృద్ధికి ఉపమానముగా చెప్పినది. గరికకు చావులేదని మన వాడుక. దానిని కూడ చంపగలవారమని నేను ఋజువు చేసితిని.

ఇంటి ముందు గడ్డిని కత్తిరించి తివాసి వలె పెంచు వేడుక ఇంగ్లండులో బలిసినది. 1625లో బేకను తోటలను గూర్చి వ్రాసిన వ్యాసములో, నున్నగా కత్తిరించిన పచ్చగడ్డి కన్న కంటికింపైనది లేదని మెచ్చుకొన్నాడు. ఆ కాలమున గడ్డిని పెద్ద కొడవళ్లతో కోసెడివారు. తెల్లవారుజామున మంచు ఆరకముందే కోయవలెను, చేయి తిరిగిన కూలీలు కావలెను. అంత ఖర్చు భరింపగలవారు జమీందారులే. తక్కినచోట్ల గొఱ్ఱెలు మేసెడివి. క్రికెట్టునకు కాశీ వంటిదని చెప్పుకొను లార్డ్సు మైదానమందు సైతము పందొమ్మిదవ శతాబ్ది నడుమ వరకు గడ్డిని సమము చేసినవి గొఱ్ఱెలే.

1830లో గ్లాస్టరుషైరు మండలమున స్ట్రౌడు పట్టణము చెంత బడ్డింగు అను యంత్రకారుడు గడ్డికోత యంత్రమును కనిపెట్టెను. ఉన్నివస్త్రముల మీది నూగును సమముగా కత్తిరించు మరను నేతమిల్లులో చూచి, బట్టకు పనికివచ్చునది గడ్డికేల పనికిరాదని ఆతనికి తోచెనట. ఆ యంత్రము వెనుక ఒక బరువైన ఇనుప రోలరు ఉండెడిది. అది దొర్లుచుండగా పండ్లచక్రములు త్రిప్పి కత్తులను ఆడించెడిది. అనగా గడ్డి కోయుట, నేలను అదుముట రెండును ఒక్క నడకలోనే జరిగినవన్నమాట. యంత్రము చవకయైన కొలది పచ్చిక మధ్యతరగతి ఇండ్ల ముంగిళ్లకు దిగివచ్చెను. నున్నగా, సమముగా ఉండుటయే పచ్చికకు సౌందర్యమని అందరును నమ్మిరి. ఆ నునుపునకు అడ్డము వచ్చినది వానపాము.

వానపాము రాత్రివేళ పైకివచ్చి, తాను మ్రింగిన మట్టిని చిన్న చిన్న కుప్పలుగా విడుచును. అది తోటమాలికి కంటకమైనది. అయితే దాని పక్షమున మాటలాడినవారు లేకపోలేదు. ఇంగ్లండులో సెల్బోర్ను అను పల్లెలో గిల్బర్టు వైటు అను మతాచార్యుడు 1777లో ఒక మిత్రునకు వ్రాసిన లేఖలో, వానపాములు నేలను తొలిచి గుల్ల చేసి వాననీరు దిగుటకును వేళ్లు ప్రాకుటకును దారి యిచ్చుచున్నవనియు, అవి లేకున్నచో నేల చల్లబడి బిగిసిపోవుననియు చెప్పినాడు. తోటమాలులు వానిని ద్వేషింతురని కూడ అందే విచారపడినాడు. ఆ లేఖ 1789లో ఆతని గ్రంథమునందు అచ్చయినది.

ఆ మాటను నిరూపించుటకు మఱియొకడు నలుబది యేండ్లకు పైగా పాటుపడినాడు. పరిణామవాదము చెప్పిన చార్లెసు డార్విను నాకెప్పుడును దూరపువాడుగనే తోచెడివాడు; ఈ వానపాముల పుస్తకము చదివిన పిమ్మట దగ్గరవాడైనాడు. కుఱ్ఱతనమున ఓడలో లోకము చుట్టివచ్చిన తరువాత, మేనమామయైన వెడ్జివుడ్డు ఇంటికి పోగా, ఆయన ఒక బీడు చూపి, కొన్నేండ్ల క్రిందట పైన చల్లిన సున్నము, బొగ్గుకసవు ఇప్పుడు అంగుళముల లోతున నున్నవి, ఇది వానపాముల పని కాదుగదాయని అడిగినాడు. 1837లో డార్విను ఆ విషయమునే భూగర్భశాస్త్ర సభలో చదివెను. అంతటితో విడువలేదు. 1842లో కెంటు మండలములోని తన యింటి చెంత ఒక పొలములో సుద్దముక్కలు చల్లించి, ఇరువది తొమ్మిదేండ్లు కాచుకొని, 1871లో కందకము త్రవ్వించి చూచెను. సుద్ద ఏడంగుళముల క్రింద తెల్లని గీతవలె కనబడెను. ఒక ప్రశ్నకు జవాబు కొఱకు ఇరువది తొమ్మిదేండ్లు ఎదురుచూచిన వానిని తలచికొన్నప్పుడు, జవాబునకు అరనిమిషము ఆగక విద్యార్థులను కూర్చుండబెట్టిన నా వంటి ఉపాధ్యాయులు సిగ్గుపడవలెను.

ఆయన వానపాములను కుండలలో పెంచెను. వానికి వినికిడి కలదా యని కుమారునిచేత బస్సూను అను వాద్యమును ఊదించెను; అవి లెక్క చేయలేదు. పియానో వాయించినను కదలలేదు. కాని కుండలను ఆ పియానో మీదనే యుంచి ఒక్క స్వరము మీటినంతనే తటాలున కన్నములలోనికి దూరెను. చెవి లేదు, అదురు మాత్రము తెలియునని తేలినది. రేడియోలో ప్రసంగించువాడను గనుక ఈ సంగతి చెప్పక ఉండలేకపోతిని. చెవులు లేని శ్రోతలను కూడ ఆ మహానుభావుడు సంపాదించెను గదా!

1881లో, మరణమునకు ఆఱునెలల ముందు, ఆ గ్రంథము వెలువడెను. ఇంగ్లండులోని చాలచోట్ల ఎకరమునకు ఏటేట పది టన్నులకు పైబడిన పొడిమట్టి వానపాముల కడుపులగుండ పైకి వచ్చుచున్నదని అందు లెక్క చూపినాడు. తోటనేలలో ఎకరమునకు 53,767 వానపాములుండునని హెన్సెను అను జర్మను పండితుడు వేసిన యంచనాను ఉదాహరించినాడు. నాగలి మనుష్యుని ప్రాచీనమైన పరికరములలో ఒకటియే యైనను, దానికి ఎంతో పూర్వమే నేల వీనిచేత దున్నబడుచుండెనని ఆయన తాత్పర్యము. పుస్తకము వేలకొలది చెల్లిపోయినది.

చదివినవారు వేలు, విన్న తోటమాలులు మాత్రము కొద్ది. ఇరువదవ శతాబ్దము ప్రారంభమున గోల్ఫు ఆట విస్తరించినది. బంతి దొర్లు పచ్చిక అద్దము వలె ఉండవలెను. వానపాము విడిచిన మట్టికుప్ప ఒక్కటి తగిలినను బంతి ప్రక్కకు పోవును. ఆటగాండ్ర బాధ నిజమే, దానిని నేను కాదనను. అయితే వారు పట్టిన యుపాయము ఘోరము. పాదరసముతో చేసిన విషములు పోసిరి. సీసము, పాషాణము కలిసిన లవణమును చల్లిరి. వీనితోపాటు మిక్కిలి వాడుకలోనికి వచ్చిన మఱియొక మందు మన దేశమునుండియే పోయెను. ఇప్పగింజలనుండి నూనె తీయగా మిగులు చెక్క. మన యడవులలో ఇప్పపూవును ఎండబెట్టి తినువారు, ఆ నూనెతో దీపము పెట్టువారు కోట్లు. చెక్కలో మాత్రము కుంకుడుకాయ వలె నురుగెత్తు విషపదార్థము కలదు. దానిని మడుగులో కలిపి చేపలను పట్టుట మన యేజెన్సీవారికి పూర్వమునుండి తెలియును. ఆ చెక్కను పొడిచేసి ఓడల మీద తీసికొనిపోయి, పచ్చిక మీద చల్లి నీరు పోసిరి. వానపాములు గుంపులుగా పైకివచ్చి చచ్చెడివి. వానిని ఊడ్చి బండ్లకెత్తెడివారు.

ఇక నా పాలు.

1994లో నేను గోదావరి మండలములోని ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనై పోయితిని. బడి ముందు అర ఎకరము గరికనేల ఉండెను. ప్రతిదినము ప్రార్థనకు ఆఱువందల పిల్లలు అచ్చటనే నిలిచెడివారు. వానకాలమున వానపాముల మట్టికుప్పలు పిల్లల కాళ్లకంటి తరగతి గదులలోనికి వచ్చుచుండెను. పాత తోటపని పుస్తకమొకటి నా చేతబడినది. అందు ఇప్పచెక్క సంగతి యున్నది. తెప్పించితిని. మా తోటమాలి నాకన్న పెద్దవాడు, ఇరువది యేండ్లుగా ఆ నేలను కాచినవాడు. “పంతులుగారూ, ఆటిని చంపకండి. మనకంటే ముందొచ్చి పని చేత్తన్నయ్యండి” అనెను. నేను నవ్వి, పుస్తకము చూపితిని. ఆ సాయంకాలము గరికనేల అంతయు ఎఱ్ఱగా మెదలెను. కాకులు, గోరువంకలు చీకటిపడు వరకు విందు చేసికొన్నవి. ఆయన పంపు కట్టివేసి, నా వంక చూడక వెడలిపోయెను.

అంతటితో ఆగితినా? క్రికెట్టు పిచ్చికి వాడు రాతిరోలరును వారమునకొకమారు పిల్లలచేత నేలయంతట లాగించితిని. ఒక యేడు పచ్చిక నిజముగా తివాసి వలె నుండెను; వచ్చిన అధికారులు మెచ్చుకొనిరి. రెండవయేట వాననీరు నిలువసాగెను. మూడవయేట గరిక పలుచబడి తుంగ లేచినది. దారి పొడవున నేల బట్టతలవలె బయటపడెను. నీరు చాలలేదనుకొని రెట్టింపు పెట్టించితిని. ఎరువు చాలలేదనుకొని అదియు వేయించితిని. తుదకు తోటమాలి అశ్రద్ధయే కారణమని నిశ్చయించి ఆయనకొక మెమో వ్రాసితిని. “నేలకి దాహం కాదండీ, ఊపిరాట్లేదండీ” అని మాత్రము ఆయన చెప్పెను. ఆ వాక్యము నాకు అలంకారముగా తోచినది. కావ్యములు చదివిన వారికి ఉండు జబ్బు ఇది. ఎదుటివాడు ఉన్నమాట చెప్పినను ఉపమానమనుకొందుము. పదవీవిరమణనాటికి ఆయన కాగితములలో ఉన్న మచ్చ అదియొక్కటే.

నేను ఇచ్చట చేసిన పనినే అచ్చట గోల్ఫు మైదానములవారు ఎంతో ముందుగా చేసి, ఫలమును అనుభవించిరి. పచ్చిక క్రింద నేల బిగిసిపోగా, మొదట చేతి పంగలకఱ్ఱ వంటి ఇనుప పరికరముతో పొడిచిరి. అయితే మొనతేలిన ఇనుపచువ్వ దూరునపుడు మట్టి ఎచ్చటికి పోవును? ప్రక్కలకే ఒత్తుకొనును. రంధ్రము ఏర్పడును గాని దాని గోడలు గట్టిపడును. కావున చువ్వకు బదులు బోలుగొట్టము కావలెనని కనుగొనిరి. అది దిగినచోటి మట్టిని వ్రేలంత కడ్డీగా పెకలించి పైకి తెచ్చును. మట్టి నిజముగా తొలగినది గనుక ప్రక్కమట్టి ఆ ఖాళీలోనికి సడలును. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున టాము మాస్కరో అనువాడు 1946లో ఈ పనికి ఒక యంత్రమును వెలువరించెను. వరుసగా తిరుగు చెంచాల వంటి బోలుపండ్లతో అది నడచుచు, మట్టి తీసివేయుచు పోవును, పచ్చిక చెడదు. నేడు ఆటస్థలములయందు, ఇంటి ముంగిళ్లయందు వాడబడుచున్న యంత్రములెన్నియో దాని సంతతియే. వానపాము ఊరక చేసిన పనిని బాడుగకు తెచ్చుకొన్న ఇనుపపాము చేయుచున్నది.

డార్విను గ్రంథము నాకు విశ్రాంతికాలమునగాని చదువుట తటస్థింపలేదు. చదివిన మఱునాడే ఆ తోటమాలి యింటికి బయలుదేరితిని. ఎనుబది దాటినవాడు అరుగు మీద కూర్చుండి కొబ్బరిపీచు పేనుచుండెను. నేను మెమో మాట ఎత్తితిని. “అదింకా ఉందాండి?” అని మాత్రమనెను. కొంతసేపటికి, “మీ పెరట్లో నేలెలాగుంది?” అని అడిగెను. గట్టిగానే యున్నదంటిని, మనుమలు ఆడుకొనుటచేత నడుమభాగము బండబారినది.

తొలకరి పడిన నాలుగవనాడు ఆయనయే వచ్చెను. నేల పొడిగా నున్నప్పుడు గొట్టము దిగదు. తడిసి ముద్దయైనపుడు దింపినచో కన్నము గోడలు అలికినట్లు మూసికొనును. బొటనవ్రేలితో నొక్కినచో దిగి, చేతికంటనంత తేమ యున్ననాడే చేయవలెను. గరిక చురుకుగా పెరుగు కాలము గనుక గాయము రెండు మూడు వారములలో పూడును. కమ్మరిచేత అరంగుళపు ఇనుపగొట్టమునకు అంచు పదును పెట్టించి, మట్టికడ్డీ జారిపడుటకు ప్రక్కన ఒక చీలిక కోయించి, పైన అడ్డకఱ్ఱ బిగించితిమి. మూడంగుళముల లోతు, నాలుగంగుళముల యెడము. ఆయన చూపినారు, నేను త్రొక్కితిని. ఊడివచ్చిన కడ్డీలను ఎత్తిపోయనీయలేదు. ఆరిన తరువాత చీపురుతో నలిపి పచ్చికలోనికే ఊడ్పించినారు. తరువాత పాతబడిన పెంటయెరువు, ఇసుక కలిపి పలుచగా చల్లించినారు. రోలరు అక్కఱలేదా యని నేనడుగగా ఇద్దఱమును నవ్వితిమి.

పని ముగిసిన రాత్రి గట్టివాన కురిసెను. ఉదయమున చూడగా పెరటిలో నీరు నిలువలేదు. నా మనుమరాలు గరిక నడుమ వ్రేలు పెట్టి, “తాతయ్యా, ఇక్కడెవరో మట్టి మురుకులు పోసిపెట్టారు” అని కేక వేసినది. పోయి చూచితిని. గోడవార తడినేలలో మూడు, గొట్టము దించినచోట ఒకటి. వానపాములు రాత్రి విడిచిన కుప్పలు.